జీడిపిక్కల డబ్బులు, ఒకటో తరగతి సీట్లు

ఏప్రిల్ వచ్చిందంటే అడ్డతీగల సంతలో రెండు బేరాలు జోరుగా నడుస్తాయి. ఒకటి జీడిపిక్కలది, రెండోది పిల్లల సీట్లది. వై.రామవరం వైపు గూడేల నుంచి, గంగవరం వైపు నుంచి గోనెసంచులు నెత్తినెట్టుకుని దిగిన ఆడవాళ్లు కాటా దగ్గర డబ్బులు చీరకొంగున ముడేసుకుంటారు. పక్కనే నీడపట్టున మోటారుసైకిలు ఆపి, చేతిలో రంగురంగుల కాగితాలు పట్టుకుని, మెడలో ఐడీ కార్డు వేసుకున్న కుర్రాడొకడు నిలబడి ఉంటాడు. ఏలేశ్వరం బడో, జగ్గంపేట బడో, రాజమండ్రి హాస్టలో పంపిన మనిషి. పీఆర్వో అంటారు. తరచి అడిగితే చాలామంది ఆ బడిలో పాఠాలు చెప్పే మాస్టర్లే. వేసవి సెలవుల్లో పిల్లల్ని పట్టుకొస్తేనే జీతం నడుస్తుంది పాపం వాళ్లకి కూడా.

ఒంటిపూట బడులు మార్చి మధ్యలో మొదలవుతాయి. ఏప్రిల్ 24కల్లా సెలవులిచ్చేస్తారు. మళ్లీ బడి తెరిచేది జూన్ 12న. ఈలోపే జరగాల్సినవన్నీ జరిగిపోతాయి. మామిడి కొత్త తినే పండగా ఇందులోనే, పెళ్లిళ్లూ ఇందులోనే, వానలకి ముందు పొలం పనులూ ఇందులోనే. పిల్లాడిని ఎక్కడ వెయ్యాలన్న తగువు కూడా ఇందులోనే. బస్సులో పక్కన కూచున్న ఇద్దరు తల్లుల మాటలు వింటే చాలు, ఈ ఏడు గాలి ఎటు వీస్తోందో తెలిసిపోతుంది.

"వదినా, మీవాడినెక్కడేశారు?"

"ఇంకా వెయ్యలేదమ్మా. ఏలేశ్వరంలో వేద్దామంటున్నారు మీ అన్నయ్య. టెస్టు పెడతారంట కదా!"

"ఐదేళ్ల పిల్లాడికి టెస్టేంటొదినా?"

"ఏబీసీడీలు రాయించి చూస్తారంట. మమ్మల్నీ కూచోబెట్టి అడుగుతారంట, ఏం చదివారని."

ఈ మాటల దగ్గరే నాకు గుండె కలుక్కుమంటుంది. ఎందుకంటే ఆ టెస్టు చట్టం ఒప్పుకోనిది. బడి ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా చేర్చుకునేటప్పుడు పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మొదటిసారి తప్పు చేసిన బడికి 25,000 దాకా జరిమానా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా. డొనేషన్ పేరుతో డబ్బు గుంజితే, గుంజినదానికి పదింతల దాకా వేయొచ్చు. ఏం చదివారని అడిగితే సిగ్గుతో తల దించుకునే నాన్నకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది బడి గోడ మీద. అక్కడ ర్యాంకుల ఫొటోలుంటాయి.

పుట్టినరోజు కాగితం సంగతీ అంతే. ఇంట్లో పుట్టిన పిల్లలు, గూడెంలో మంత్రసాని చేతిలో పుట్టిన పిల్లలు మనకి ఇంకా ఉన్నారు. బర్త్ సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపితే ఆ తల్లి మళ్లీ పాతిక కిలోమీటర్లు కొండెక్కిపోవాలి. అదే చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు కాగితం లేదని ఏ బిడ్డకీ చేరిక కాదనకూడదు. ఏఎన్‌ఎం రిజిస్టరు చాలు, అంగన్‌వాడీ రికార్డు చాలు, అవీ లేకపోతే తల్లిదండ్రులు రాసిచ్చిన కాగితమైనా చాలు. మన అంగన్‌వాడీ టీచరమ్మల దగ్గరుండే ఆ పాత నోటుపుస్తకాలకి ఎంత విలువుందో ఈ రెండు నెలల్లోనే తెలుస్తుంది.

సీటు మాట వచ్చింది కాబట్టి 25 శాతం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఊళ్లో సగం మందికి ఇది తెలీదు. తెలిసిన సగం మందిలో సగం మంది తప్పుగా విన్నారు. ప్రైవేటు బడిలో ఒకటో తరగతి సీట్లలో పాతిక శాతం పేద పిల్లలకి ఇవ్వాలని చట్టం. ప్రైవేటు బళ్లవాళ్లు సుప్రీంకోర్టుకెళ్లారు. 2012 ఏప్రిల్ 12న కోర్టు చట్టాన్నే నిలబెట్టింది. అయినా మన ఆంధ్రప్రదేశ్‌లో అది నిజంగా నడక మొదలెట్టడానికి మరో పదేళ్లు పట్టింది. ఇక్కడ ఆ పాతిక శాతాన్ని ఇలా పంచారు: ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, మిగతా బలహీన వర్గాలకి 6, అనాథలకి, హెచ్ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకి, దివ్యాంగులకి కలిపి 5. నలభై మంది పిల్లల తరగతిలో పది సీట్లు. అందులో ఎస్టీ వాటా ఒకటో రెండో.

దరఖాస్తు ఆన్‌లైన్లో. గ్రామ సచివాలయంలో చేస్తారు, మీసేవలో చేస్తారు, మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో అడిగినా చేస్తారు. ఆధార్, రేషన్ కార్డు, ఇంటి చిరునామా కావాలి. 2025 ప్రవేశాలకి పెట్టిన లెక్కయితే రాష్ట్ర సిలబస్ బడికి మే 31 నాటికి, సీబీఎస్‌ఈ బడికి మార్చి 31 నాటికి ఐదేళ్లు నిండాలి. తర్వాత లాటరీ. పిల్లాడి తెలివితో దానికి పని లేదు, అదృష్టముంటే పేరొస్తుంది. నా మట్టుకు నాకు ఇది మంచి పద్ధతే. ఐదేళ్ల పిల్లల్ని వరస కట్టించి తెలివి తూచే పద్ధతి కన్నా చీటీ తియ్యడమే న్యాయం.

చిక్కంతా దూరంతో. కిలోమీటరు లోపు ఇల్లున్నవాళ్లకి మొదటి అవకాశం, ఆ తర్వాత మూడు కిలోమీటర్ల లోపు వాళ్లకి. అడ్డతీగల మెయిన్ రోడ్డు పక్కన ఇల్లున్నవాడికి పనికొచ్చే లెక్క ఇది. పింజరికొండ జలపాతం వైపు కొండల్లో ఉన్నవాడికి మూడు కిలోమీటర్లలో ప్రైవేటు బడి ఎక్కడుంటుంది? చెట్లుంటాయి, గెడ్డలుంటాయి. దగ్గర్లో బడి ఉన్నవాళ్లకే ఆ హక్కు దక్కుతోంది. పట్నం పేదవాడిని మనసులో పెట్టుకుని రాసిన నియమంలో గూడెం పేదవాడు ఇమడలేదు. ఏజెన్సీ మండలాలకి దూరం లెక్క వేరేగా ఉండాలి. పది కిలోమీటర్లన్నా చెయ్యాలి. దాంతోపాటు బడి బస్సు ఖర్చు ఎవరిదో కూడా తేల్చాలి. మన ప్రజాప్రతినిధులు ఎవరు కలిసినా ఈ ఒక్క ముక్క అడగండి.

డబ్బుల సంగతి. 2022 తర్వాత ఈ సీట్లకి ప్రభుత్వం కట్టిన ధర నగరాల్లో 8,000, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100. పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం వేసే అమ్మఒడి డబ్బుల్లోంచి తల్లులే బడికి కట్టాలన్నారు. ఉచితమని చెప్పి మళ్లీ కట్టమంటున్నారేంటని తల్లులు అడిగారు. ఇంతకి మేం చదువెలా చెబుతామని బళ్లవాళ్లన్నారు. ఈ లాగుడులో సీటొచ్చి కూడా చేరని పిల్లలున్నారు. 2025 జూన్ నుంచి అమ్మఒడి స్థానంలో తల్లికి వందనం వచ్చింది. ఇంట్లో ఎంతమంది పిల్లలు చదువుతుంటే అంతమందికీ తలా 13,000 తల్లి ఖాతాలో పడతాయి, 2,000 బడి నిర్వహణకి పోతాయి. ప్రైవేటు బడి పిల్లలకీ వర్తిస్తుంది. సంతలో నిలబడ్డ పీఆర్వోకి ఆ పదమూడు వేల సంగతి మనకన్నా బాగా తెలుసు. "ఆ డబ్బులు మాకిచ్చేయండి, మిగతాది వాయిదాల్లో కట్టుకోండి" అనేదే ఈ ఏటి పాట. మిగతాదెంతో కాగితం మీద రాయించుకోండి. పుస్తకాలు, యూనిఫారం, బెల్టు, టై, బస్సు అన్నీ కలిపి రాయించుకోండి. ఫీజులకి పగ్గం వేద్దామని 2021 ఆగస్టులో ప్రభుత్వం జీవో తెచ్చింది. పంచాయతీల్లో ప్రైమరీకి ఏడాదికి 10,000, హైస్కూలుకి 12,000 అని. ఆ డిసెంబరులోనే హైకోర్టు కొట్టేసింది. ఇప్పుడు మనకి దిక్కు మన చేతిలో ఉన్న రసీదే.

మిషన్ బడిలో వెయ్యాలని మనవైపు చాలామందికి ఆశ. క్రమశిక్షణ బాగుంటుందని పేరు. అక్కడ పాతిక శాతం సీటు అడిగి లేదనిపించుకుని బాధపడకండి. మిషన్ బళ్ల లాంటి మైనారిటీ విద్యాసంస్థలకి ఈ చట్టం వర్తించదని 2014 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకో పాత ఆశ కూడా ఈ సీజన్లో తిరిగి లేస్తుంది. బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం. గిరిజన పిల్లల్ని ప్రభుత్వం డబ్బు కట్టి మంచి ప్రైవేటు బడిలో చేర్పించేది. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో చీటీలు తీసేవాళ్లు. ఆ చీటీలో పేరు వచ్చిన ఇంట్లో పెళ్లంత సందడి. మన రాష్ట్రంలో కొన్నేళ్ల కిందట అది ఆగిపోయింది. తెలంగాణలో నడుస్తోంది గానీ అక్కడి సంగతి కూడా వినండి. 2025లో ప్రభుత్వం బకాయిలు కట్టలేదని కొన్ని బళ్లు దసరా సెలవుల తర్వాత ఆ పిల్లల్ని లోపలికి రానివ్వలేదు. తల్లిదండ్రులు రోడ్డెక్కాల్సొచ్చింది. ప్రభుత్వానికీ బడికీ మధ్య లెక్కల తగాదాలో గేటు బయట నిలబడ్డది ఏడెనిమిదేళ్ల పిల్లలు. ఇక్కడా మళ్లీ ఆ పథకం కావాలని అడిగేవాళ్లు, డబ్బు ఏ నెలలో బడికి చేరుతుందో కూడా అడగాలి.

హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ కబురు కూడా పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టిన కాలేజీ అది, 1951లో పబ్లిక్ స్కూల్ అయ్యింది. సత్య నాదెళ్ల చదివిన బేగంపేట బడి. దాన్లో ఒకటో తరగతికి గిరిజన పిల్లల్ని లాటరీ తీసి పంపడం ఏళ్లుగా ఉంది, ఇప్పుడు తెలంగాణలో ఏటా ప్రకటన వేస్తారు. జాగీర్దార్ల బడిలో కోయపిల్ల కూచోవడం గొప్ప సంగతే. కానీ ఆ పిల్లకి ఐదేళ్లో ఆరేళ్లో. అమ్మని చూడాలంటే దసరా దాకా ఆగాలి.

ఇక్కడ నా మనసులో మాట దాచుకోలేను. ఐదేళ్ల బిడ్డని హాస్టల్లో వెయ్యకండి. కాకినాడలోనైనా, రాజమండ్రిలోనైనా, విజయవాడలోనైనా. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల తెలుగే పూర్తిగా పట్టుకోని వయసులో ఇంగ్లీషు హాస్టల్లో మూగదైపోతుంది. పక్క తడిపితే చెప్పుకోడానికి మనిషుండదు. జ్వరమొస్తే ఫోను మనదాకా వచ్చేసరికి మూడో రోజు. గెడ్డ పొంగి రోడ్డు తెగిన రోజున మనం వెళ్లాలన్నా వెళ్లలేం. ఊరి బడిలో మాస్టారు రోజూ రారనీ, ఐదు తరగతులకీ ఒక్కరే అనీ మీరు చెప్పే కారణం నాకు తెలుసు. అది నిజమే. వానాకాలం మాస్టారు రాని రోజులు లెక్కపెట్టుకుని కడుపు మండి పిల్లల్ని దించేసిన నాన్నలు నాకెదురుగా ఉన్నారు. ఆ కోపాన్ని బడి మీద పెట్టండి. ఎంఈవోకి కాగితం రాయండి, విద్యా కమిటీ మీటింగులో లేచి అడగండి. బిడ్డని మాత్రం ఇంకో ఐదేళ్లు మీ దగ్గరుంచుకోండి.

ఎందుకంటే అసలు తలుపు ఆరో తరగతిలో తెరుచుకుంటుంది. ఒకటో తరగతి సీటు కోసం జీడిపిక్కల డబ్బంతా ఊడ్చిపెట్టే ఇళ్లలో ఈ సంగతి చర్చకే రాదు. నవోదయ ఉంది. 1986 జాతీయ విద్యావిధానంతో దేశమంతా విస్తరించిన బళ్లు అవి. మన పాత తూర్పుగోదావరి జిల్లాది పెద్దాపురంలో ఉంది. తిండి, బట్ట, పుస్తకం అన్నీ ఉచితం, సీబీఎస్‌ఈ చదువు. 75 శాతం సీట్లు పల్లె పిల్లలకి. పరీక్ష తెలుగులోనే రాయొచ్చు. రెండు గంటలు, 80 ప్రశ్నలు, వంద మార్కులు. అందులో సగం మార్కులు బొమ్మలు చూసి ఆలోచించే ప్రశ్నలకే. వాటికి ఇంగ్లీషు అక్కర్లేదు, టై అక్కర్లేదు. అడవిలో పిట్టలగూడు కనిపెట్టే కళ్లున్న పిల్లలకి ఆ ప్రశ్నలు అందనివేం కావు. రోజూ చేయించాలి, అంతే.

జాగ్రత్తగా వినాల్సిన నియమం ఒకటుంది. పల్లె కోటాలో రావాలంటే పిల్లాడు మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లెటూరి బడిలోనే చదివుండాలి. అందులో ఒక్క ఏడాది పట్నంలో చదివినా ఆ 75 శాతం నుంచి జారిపోతాడు. మంచి చదువని మూడో తరగతిలో కాకినాడ తీసుకెళ్లి వేసిన తల్లిదండ్రులు, తీరా నవోదయ ఫారం నింపే రోజున ఈ మాట విని కూలబడడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. డబ్బూ పోయింది, కోటా పోయింది.

ఏకలవ్య బళ్లు మనకి ఇంకా దగ్గర. ఆదివాసీ పిల్లల కోసం 1997-98లో మొదలైన పథకం. ఆదివాసీలు సగం కన్నా ఎక్కువుండి, 20,000 మందికి తగ్గకుండా ఉన్న ప్రతి బ్లాకుకీ ఒక బడి కట్టాలని 2018 కేంద్ర బడ్జెట్లో చెప్పాక మన్యంలో వీటి సంఖ్య పెరిగింది. మారేడుమిల్లిలో ఉంది, ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. ఆరో తరగతిలో 30 మంది మగపిల్లలు, 30 మంది ఆడపిల్లలు. పన్నెండో తరగతి దాకా అక్కడే. వయసు 10 నుంచి 13 మధ్య ఉండాలి. ప్రవేశపరీక్ష ఇంచుమించు నవోదయ మూసలోనే ఉంటుంది, ఒకదానికి చదివితే రెండోదానికీ పనికొస్తుంది. కొండరెడ్ల లాంటి బాగా వెనకబడిన (పీవీటీజీ) తెగల పిల్లలకి విడిగా వాటా ఉంది. దాన్ని అడిగేవాళ్లు లేక వదిలెయ్యొద్దు. ఆడపిల్ల బడి మానేసి ఇంట్లో ఉండిపోయిందా, కస్తూర్బా బడి ఉంది. అక్కడ పరీక్షే లేదు. బడి మానేసినవాళ్లకీ, తల్లో తండ్రో లేనివాళ్లకీ ముందు పీట. గిరిజన సంక్షేమ గురుకులాలు ఎటూ ఉన్నాయి.

పేదపిల్లని వెతికి పట్టుకుని మంచి చదువు చెప్పడం మన తెలుగువాళ్లకి కొత్త సంగతి కాదు. 1971 నవంబరు 23న నల్గొండ జిల్లా సర్వేల్‌లో పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదటి గురుకులం తెరిచారు. మరుసటేడు ఆంధ్రలో తాడికొండ, రాయలసీమలో కొడిగెనహళ్లి. ఊళ్లలో బలపం పట్టిన పిల్లలు పరీక్ష రాసి అక్కడ చేరి, ఐఏఎస్‌లయ్యారు, డాక్టర్లయ్యారు. దేశంలో నవోదయలు రావడానికి ముందే మనం చేసి చూపించిన పని అది. ఆ దారిలో ఇంకొంచెం ముందుకెళ్లి, మన్యం పిల్లకి పదేళ్లు నిండేదాకా ఊళ్లోనే మంచి మాస్టారుని ఇస్తే చాలు. మిగతా దారి ఆ పిల్లే నడుస్తుంది.

ఆ మాస్టారి సంగతే గడచిన నాలుగైదేళ్లుగా ఊగిసలాట. 2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకి కలిపేశారు. మైదానంలో అది వీధి మారడం, మన దగ్గర గెడ్డ దాటడం. చాలా ఇళ్లలో ప్రైవేటు బడి మాట మొదటిసారి లేచింది ఆ ఏడాదే. ఎలాగూ దూరం పంపాలి, ఇంగ్లీషు బడికే పంపుదామని. 2025లో ఆ జీవోని పక్కనపెట్టి కొత్త ఏర్పాటు తెచ్చారు. మీ గూడెం బడిలో ఇప్పుడు ఎన్ని తరగతులున్నాయో, ఎంతమంది మాస్టర్లను వేశారో జూన్ 12 దాకా ఆగకుండా మే నెలలోనే కనుక్కోండి. పిల్లల సంఖ్య తగ్గితే పోస్టు పోతుంది. పోస్టు పోతే ఇంకో నలుగురు పిల్లలు వెళ్లిపోతారు. ఒక్కో ఇల్లు ఒక్కో పిల్లాడిని దించేసుకుంటూ పోతే చివరికి మిగిలేది ఎవరి పిల్లలో మనకి తెలుసు. ఏ పీఆర్వో తలుపు తట్టని ఇళ్ల పిల్లలు.

ఢిల్లీలోనూ ఈ అవస్థ ఉంది. అక్కడ నర్సరీ సీటుకి పాయింట్లు. ఇల్లు దగ్గరుంటే ఇన్ని, అన్నో అక్కో అదే బడిలో ఉంటే ఇన్ని, అమ్మానాన్నా ఆ బడి పాత విద్యార్థులైతే ఇన్ని. అది విన్నప్పుడు మన గూడెం నాన్నే గుర్తొచ్చాడు. అమ్మానాన్నల చదువు బిడ్డ సీటుకి కొలబద్ద కావడం ఎక్కడైనా ఒకటే అన్యాయం.

చిన్నాచితకా కబుర్లు కొన్ని. బడి మార్చేవాళ్లు టీసీ ఇప్పుడే అడగండి. ఫీజు బకాయి ఉందని ప్రైవేటు బడి టీసీ తొక్కిపెడితే హడలిపోవద్దు. ప్రభుత్వ బడిలో చేర్చుకోడానికి టీసీ ఆలస్యమైందన్న కారణం చెల్లదని చట్టం 5వ సెక్షన్లో ఉంది. ముందు బిడ్డని కూచోబెట్టండి, కాగితం తర్వాత వస్తుంది. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ వేసవిలోనే తీసి దాచుకోండి. జూన్లో సచివాలయం ముందు క్యూ చూశారుగా. ఆధార్లో పేరొకటి, అంగన్‌వాడీలో పేరొకటి ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడాకే ఆన్‌లైన్లో ఫారం తిరగ్గొట్టేస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి బడి చూడ్డానికి అమ్మలే వెళ్లండి. పీఆర్వో చూపించిన ఫొటోల్ని నమ్మకుండా మరుగుదొడ్లు, మంచినీళ్లు, పిల్లలు పడుకునే గది కళ్లారా చూసి రండి. వంటమనిషితో రెండు మాటలు మాట్లాడితే ఆ హాస్టలు సంగతి ప్రిన్సిపాలు కన్నా ఆవిడే బాగా చెబుతుంది.

ఐదో తరగతిలోకి వచ్చే పిల్లలున్న ఇళ్లకి ఇంకో మాట. నవోదయ ఫారాలు వానాకాలంలో వస్తాయి, ఏకలవ్య ప్రకటన సంక్రాంతి దాటాక. రెండూ ఆన్‌లైనే. ఊళ్లో డిగ్రీ చదువుతున్న పిల్లలు సెలవులకి ఇంటికొచ్చే ఉన్నారు కదా, రోజూ సాయంత్రం ఓ గంట నలుగురు పిల్లల్ని కూచోబెట్టి పాత ప్రశ్నపత్రాలు చేయించమని అడగండి. ఆ పేపర్లు ఫోన్లోనే దొరుకుతాయి, అడ్డతీగల జెరాక్సు షాపులో తీయించుకోవచ్చు. ఈ పని మే నెలలో మొదలెడితే, చలికాలంలో వచ్చే నవోదయ పరీక్ష నాటికి ఆరేడు నెలలు చేతిలో ఉంటాయి.